కోడికి ఒత్తిడి: హార్మోన్ పెరగడం కంటే దిగకపోవడమే ప్రమాదం

బ్రాయిలర్ షెడ్డులో బ్యాచ్ ఎత్తే రాత్రి ఒక కోడిని పట్టుకుని, పట్టుకున్న నిమిషంలోపే రెక్క కింది నరం నుంచి రక్తం తీస్తే అందులో కార్టికోస్టిరోన్ అనే హార్మోన్ మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాములే కనిపిస్తుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లో వంతు. అదే కోడిని బుట్టలో పెట్టి, పావుగంట ఆగి మళ్లీ రక్తం తీస్తే ఆ అంకె కొన్ని రెట్లు పెరిగి ఉంటుంది. కోడికి గాయం కాలేదు, జబ్బు రాలేదు. ఎవరో పట్టుకున్నారు, అంతే. కోళ్లలో ఒత్తిడిని కొలిచేవాళ్లు పట్టుకున్న మూడు నిమిషాల్లోపే రక్తం తీసేయాలని పట్టుబట్టేది ఇందుకే. ఆ గడువు దాటితే కొలిచేది కోడి మామూలు స్థితిని కాదు, పట్టుకున్నందుకు అది పడ్డ టెన్షన్‌ని.

కోళ్ల రైతుల మాటల్లో ఒత్తిడి అంటే నష్టమనే అర్థం. ఎండ ఒత్తిడి, వ్యాక్సిన్ ఒత్తిడి, లిఫ్టింగ్ ఒత్తిడి అంటూ ప్రతి నష్టానికీ ఆ పేరే పెడతారు. శరీరం వైపు నుంచి చూస్తే విషయం వేరుగా ఉంటుంది. ఒత్తిడికి స్పందించే హార్మోన్ల ఏర్పాటు ఉన్నది కోడిని బతికించడానికే. ఆ స్పందన లేని కోడి మొదటి ఎండకో, మొదటి ఆకలికో చచ్చిపోతుంది. పెరిగిన హార్మోన్ తిరిగి దిగే వ్యవధి దానికి దొరక్కపోవడంలోనే చిక్కు ఉంది. షెడ్డులో కనిపించే నష్టాల్లో చాలావాటిని ఈ ఒక్క విషయం నుంచి వివరించవచ్చు.

ముందు వేగంగా నడిచే దారి. కోడి కంటికి కుక్కో, కొత్త మనిషో, మీదికి వచ్చే చెయ్యో కనబడగానే సింపథెటిక్ నాడుల ద్వారా అడ్రినల్ గ్రంథులకు కబురు వెళుతుంది. అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ క్షణాల్లో రక్తంలో కలుస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ కరిగి చక్కెరగా మారుతుంది. కోడి రక్తంలో చక్కెర మామూలప్పుడే డెసిలీటరుకు 200 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మనిషికైతే షుగర్ జబ్బు అని తేల్చే స్థాయి అది. ఒత్తిడి వేళ అది ఇంకా పైకి పోతుంది. ఎగిరి తప్పించుకోవడానికి ఈ ఇంధనం చాలు. కానీ ఈ దారి ఎంత తొందరగా మొదలవుతుందో అంత తొందరగా ముగుస్తుంది. ఆపద నిమిషాల్లో తీరకపోతే రెండో దారి అందుకోవాలి.

రెండో దారి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో మొదలవుతుంది. అక్కడి పారావెంట్రిక్యులార్ కేంద్రకం అనే కణాల గుంపులోని నాడీకణాలు రెండు హార్మోన్లు వదులుతాయి. ఒకటి సీఆర్‌హెచ్, అంటే కార్టికోట్రోపిన్‌ను విడుదల చేయించే హార్మోన్. 41 అమైనో ఆమ్లాల గొలుసు ఇది. కోడిలోనూ మనిషిలోనూ ఈ గొలుసు ఒక్క అమైనో ఆమ్లం తేడా లేకుండా ఒకేలా ఉంటుంది. కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన రెండు జాతుల్లో ఇంత మార్పు లేకుండా నిలిచిందంటే దాని పని ఎంత కీలకమో తెలుస్తుంది. రెండోది అర్జినిన్ వాసోటోసిన్. మన ఒంట్లో వాసోప్రెసిన్ చేసే పనులు పక్షుల్లో ఇది చేస్తుంది. మూత్రపిండాల్లో నీటిని పట్టి ఉంచడం దీని అసలు ఉద్యోగం. ఒత్తిడి వేళ సీఆర్‌హెచ్‌కు తోడుగా, మెదడు కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి మీద పని చేయడం రెండో ఉద్యోగం. ఈ రెండూ కలిసి పని చేసినప్పుడు వచ్చే స్పందన, విడివిడిగా వచ్చే స్పందనలను కూడితే వచ్చేదానికంటే ఎక్కువగా ఉంటుంది.

పిట్యూటరీ ముందు భాగం నుంచి ఏసీటీహెచ్, అంటే కార్టికోట్రోపిన్ హార్మోన్ విడుదలై, రక్తంలో కలిసి అడ్రినల్ గ్రంథిని చేరుతుంది. ఇక్కడ కోడి శరీర నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పొట్ట తెరిచి పేగులు తీసేశాక, వెన్నెముకకు రెండు వైపులా అంటుకుని ముదురు ఎరుపులో మూత్రపిండాలు కనబడతాయి. వాటి ముందు కొసల దగ్గర, పెట్టలోనైతే అండాశయాన్ని, పుంజులోనైతే వృషణాలను ఆనుకుని, పసుపు-నారింజ కలిసిన రంగులో ఒక సెంటీమీటరు అటూఇటూ పొడవుండే రెండు చిన్న ముద్దలు ఉంటాయి. అవే అడ్రినల్ గ్రంథులు. మనిషిలోనూ పశువులోనూ ఈ గ్రంథిని కోస్తే బయటి పొర కార్టెక్స్, లోపలి భాగం మెడుల్లా స్పష్టంగా వేరుపడి కనిపిస్తాయి. కోడిలో అలాంటి హద్దు లేదు. కార్టికోస్టిరోన్ తయారుచేసే కణాల వరుసల మధ్యలో అడ్రినలిన్ చేసే కణాలు గుంపులు గుంపులుగా కలిసిపోయి ఉంటాయి. వేగపు దారి, నిదానపు దారి రెండూ కోడిలో ఒకే ముద్దలో, పక్కపక్క కణాల్లో నడుస్తాయన్నమాట.

మరో తేడా కూడా ఉంది. మనిషి, ఆవు, గేదె ఒత్తిడికి ప్రధానంగా కార్టిసాల్ వదులుతాయి. కోడి అడ్రినల్‌లో కార్టిసాల్ తయారీకి కావలసిన 17-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ పాత్ర చాలా తక్కువ. పిండ దశలో కొంత కార్టిసాల్ కనబడినా, పొదిగి బయటికి వచ్చాక కార్టికోస్టిరోనే ప్రధానమవుతుంది. పశువుల కోసం తయారైన కార్టిసాల్ కిట్‌తో కోడి రక్తం పరీక్షించి ‘ఒత్తిడి లేదు’ అనుకోవడం అర్థం లేని పని.

ఏసీటీహెచ్ అడ్రినల్ కణాన్ని తాకగానే కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది. స్టార్ అనే ప్రోటీన్ కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా లోపలికి చేరవేస్తుంది. అక్కడ అది ప్రెగ్నెనోలోన్‌గా, తర్వాతి మెట్లలో ప్రొజెస్టిరోన్‌గా, చివరికి కార్టికోస్టిరోన్‌గా మారుతుంది. స్టిరాయిడ్ హార్మోన్లను కణం ముందే చేసి నిల్వ పెట్టుకోదు. కబురు వచ్చాకే తయారీ మొదలవుతుంది. కార్టికోస్టిరోన్ పైకి రావడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టడానికి కారణం ఇదే. మూడు నిమిషాల నియమం ఈ ఆలస్యం మీదే ఆధారపడింది.

తయారైన కార్టికోస్టిరోన్‌లో కొంత భాగం రక్తంలోని ఒక ప్రోటీన్‌కు అంటుకుని తిరుగుతుంది. అంటుకోకుండా విడిగా ఉన్న భాగమే కణాల్లోకి చొరబడగలదు. కణం లోపల దాని కోసం రెండు రకాల గ్రాహకాలు కాచుకుని ఉంటాయి. మినరలోకార్టికాయిడ్ గ్రాహకం చాలా కొద్ది హార్మోన్‌కే స్పందిస్తుంది, మామూలు రోజువారీ స్థాయిని కనిపెట్టేది అది. గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం నిండాలంటే హార్మోన్ బాగా పెరగాలి, కాబట్టి ఒత్తిడి స్థాయిని గుర్తించేది ఇదే. ఈ గ్రాహకం హార్మోన్‌ను పట్టుకుని కణ కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను పని చేయిస్తుంది, కొన్నింటిని ఆపేస్తుంది. కాలేయానికి ప్రోటీన్ నుంచి చక్కెర తయారుచేయమని, కండరానికి ప్రోటీన్ విడగొట్టమని ఆజ్ఞలు ఇలాగే వెళతాయి.

ఈ మొత్తం ఏర్పాటులో తెలివంతా దాన్ని ఆపే తీరులో ఉంది. రక్తంలో పెరిగిన కార్టికోస్టిరోన్ తిరిగి హైపోథాలమస్‌కు, పిట్యూటరీకి చేరి అక్కడి గ్రాహకాలను పట్టుకుంటుంది. సీఆర్‌హెచ్, ఏసీటీహెచ్ విడుదల తగ్గిపోతుంది. కాసేపటికి కార్టికోస్టిరోన్ కూడా దిగుతుంది. రాత్రి ఎవరో షెడ్డులోకి వచ్చి వెళ్లిపోతే, గంట రెండు గంటల్లో అంతా సర్దుకుంటుంది. కొంత శక్తి ఖర్చయింది, అంతకు మించి నష్టం లేదు.

మెదడులో ఈ దారి సరిగ్గా ఎక్కడ మొదలవుతుందన్నది కూడా కోడిలో ఆసక్తికరమైన ప్రశ్నే. చాలాకాలం పారావెంట్రిక్యులార్ కేంద్రకమే మొదటి మెట్టని అనుకున్నారు. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో వేన్ క్యూంజెల్ బృందం కోడిపిల్లలకు మేత ఆపి, గంటల వ్యవధితో మెదడులో జన్యువుల పనితీరు చూసింది. హైపోథాలమస్ బయట, హిప్పోకాంపల్ కమిషర్ కేంద్రకం అనే చోట ఉన్న సీఆర్‌హెచ్ కణాలు పారావెంట్రిక్యులార్ కేంద్రకం కంటే ముందే మేలుకున్నాయి. పక్షుల్లో ఒత్తిడి స్పందనకు హైపోథాలమస్‌ను దాటిన మరో భాగం కూడా ఉందన్నమాట. ఎలుకల నుంచి తెచ్చుకున్న పటాన్ని కోడి మీద యథాతథంగా పెట్టి చదవకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడదు.

పక్షులకే ప్రత్యేకమైన మరో మెలిక థైరాయిడ్ దగ్గర ఉంది. కోడిలో సీఆర్‌హెచ్ అడ్రినల్ దారిని ఒక్కటే కదిలించదు. పిట్యూటరీలోని థైరోట్రోప్ కణాల మీద ఉన్న మరో రకం గ్రాహకం ద్వారా థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్‌ను కూడా విడుదల చేయిస్తుంది. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు ఈ సంగతిని వివరంగా నిరూపించారు. ఒత్తిడికీ జీవక్రియ వేగానికీ మధ్య ఇంత దగ్గరి ముడి ఉండటం వల్ల ప్రయోజనం గుడ్డులోని పిల్ల దగ్గర కనబడుతుంది. 21వ రోజు దగ్గరపడుతుండగా పిండం రక్తంలో కార్టికోస్టిరోన్, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ రెండూ కలిసి పైకి లేస్తాయి. కార్టికోస్టిరోన్ కాలేయంలో టీ3ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను అణచివేస్తుంది, దాంతో టీ3 నిలుస్తుంది. అప్పటిదాకా పెంకు లోపలి రక్తనాళాల ద్వారా ప్రాణవాయువు తీసుకున్న పిల్ల ఊపిరితిత్తులతో శ్వాస మొదలుపెట్టడానికి, పెంకు పగలగొట్టడానికి, సొంత వెచ్చదనం తెచ్చుకోవడానికి ఈ జోడీ తోడ్పడుతుంది. ఒత్తిడి హార్మోన్ అనే పేరుతో మనం అనుమానంగా చూసేది లేకపోతే పిల్ల పుట్టడమే కష్టం.

అదే హార్మోన్ రోజుల తరబడి ఎక్కువగా ఉండిపోతే ఏమవుతుందో చూడటానికి మే నెలలో గోదావరి జిల్లాల లేయర్ షెడ్డు చాలు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. అంటే దేశం తినే గుడ్లలో పెద్ద వాటా, బాగా వేడి పడే ప్రాంతాల నుంచే వస్తోంది. కోడికి చెమట గ్రంథులు లేవు. ఒళ్లంతా ఈకలు. మామూలు శరీర ఉష్ణోగ్రతే 41 డిగ్రీల పైచిలుకు. బయటి గాలి కూడా ఆ స్థాయికి చేరితే ఒంట్లో వేడి గాలికి పోయే దారి మూసుకుపోతుంది. మిగిలింది ఒక్కటే, నోరు తెరిచి రొప్పుతూ గొంతులోని తేమను ఆవిరి చేయడం. ఒంటి వేడి మరో నాలుగైదు డిగ్రీలు పెరిగితే కోడి బతకదు.

రొప్పడం చల్లబరుస్తుంది గానీ, దానికి ధర ఉంది. వేగంగా ఊపిరి వదిలేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. గుడ్డు పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేట్. దానికి కావలసిన కార్బొనేట్ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ నుంచే రావాలి. అది తగ్గితే పెంకు పలచబడుతుంది, పగుళ్లు ఎక్కువవుతాయి, తోలుగుడ్లు పడతాయి. ఇదే సమయంలో కోడి మేత తగ్గించేస్తుంది కాబట్టి కాల్షియం కూడా చాలినంత అందదు. కార్టికోస్టిరోన్ పెరిగిన కోడిలో టీ3 పడిపోతుంది. పుట్టేముందు పిల్లలో కలిసి పైకి లేచిన రెండు హార్మోన్లు ఎండలో నిలబడ్డ పెద్ద కోడిలో ఎదురెదురు దారులు పడతాయి. టీ3 తగ్గడం నిజానికి తెలివైన పనే, ఒంట్లో పుట్టే వేడిని అది తగ్గిస్తుంది. కాకపోతే దాంతోపాటు ఎదుగుదల కూడా మందగిస్తుంది.

మెదడు నుంచి అండాశయానికి వెళ్లే గొలుసు మీద కూడా దెబ్బ పడుతుంది. అండం విడుదలకు కావలసిన ల్యూటినైజింగ్ హార్మోన్ తగ్గుతుంది. ప్రాణం నిలబెట్టుకోవాల్సిన వేళ గుడ్డు పెట్టడం శరీరం లెక్కలో తర్వాతి విషయం. రైతు లెక్కలో అదే మొదటిది. ఆ రెండు లెక్కల మధ్య తేడా వేసవిలో ట్రేల సంఖ్యలో కనబడుతుంది.

బ్రాయిలర్‌లో నష్టం ఇంకో రూపంలో వస్తుంది. కోళ్లకు మేతలోనో ఇంజెక్షన్‌గానో కార్టికోస్టిరోన్ ఇచ్చి చూసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనబడిన ఫలితం ఒకటే. మేత పెద్దగా తగ్గకపోయినా బరువు రాదు, రొమ్ము కండరం చిక్కుతుంది, పొట్ట కింద కొవ్వు పేరుకుంటుంది, కాలేయం ఉబ్బుతుంది. హార్మోన్ ఆజ్ఞ ప్రకారం కండరంలోని ప్రోటీన్ విరిగి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర ఎగరడానికో పరుగెత్తడానికో ఖర్చు కాకపోతే కొవ్వుగా మారి కూర్చుంటుంది. అడవిలో అయితే ఆ కోడి పారిపోయేది. షెడ్డులో పారిపోయే చోటు లేదు, అందుకే కష్టపడి తిన్న దాణా కొవ్వు కింద జమవుతుంది. ఇది ఒత్తిడి వల్ల కోడి పడే బాధ మాత్రమే కాదు, కిలో మాంసానికి ఎంత దాణా పడుతుందన్న లెక్క కూడా.

ఈ వెలుగులో చూస్తే రైతులు వేసవిలో చేసే పనుల వెనక శరీర ధర్మం తెలుస్తుంది. ఎండ ముదరకముందే దాణా తీసేసి సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ పెట్టడం మంచి పద్ధతి, ఎందుకంటే మేత అరగడమే ఒంట్లో వేడి పుట్టిస్తుంది, ఆ వేడి మధ్యాహ్నపు వేడికి తోడు కాకూడదు. షెడ్డు మీద గడ్డి పరిచి తడపడం, సన్నని నీటి తుంపర చల్లే ఫాగర్లు, పక్కలకు తడి గోనె పరదాలు, చల్లని తాగునీరు ఇవన్నీ మెదడుకు వెళ్లే ఆపద కబురునే తగ్గిస్తాయి. గాల్లో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో గాలి కదలిక లేకుండా ఫాగర్లు మాత్రమే నడిపితే మేలు కంటే కీడే ఎక్కువ. రొప్పినప్పుడు గొంతులోని తేమ ఆవిరి కావాలంటే బయటి గాలి పొడిగా ఉండాలి కదా. నీటిలో బైకార్బొనేట్, ఎలక్ట్రోలైట్లు కలపడం రొప్పడం వల్ల పోయినదాన్ని పూడ్చడానికి. ఇక విటమిన్ సి సంగతి. కోడి తన మూత్రపిండాల్లో దీన్ని స్వయంగా తయారు చేసుకోగలదు, కాబట్టి మామూలు రోజుల్లో విడిగా ఇవ్వక్కర్లేదు. అయితే అడ్రినల్ గ్రంథిలో విటమిన్ సి నిల్వ చాలా ఎక్కువ. ఏసీటీహెచ్ పనిచేసినప్పుడు ఆ నిల్వ కరిగిపోతుంది. తీవ్రమైన వేడిలో ఒంటి తయారీ ఆ ఖర్చుకు చాలదు. అందుకే వేసవిలో ఇస్తే ఫలితం కనబడుతుంది, చలికాలంలో ఇస్తే డబ్బు దండగ.

టీకాల విషయానికి వస్తే, ఒత్తిడి ప్రభావం కంటికి కనబడదు కాబట్టి రైతులు దాన్ని తక్కువ అంచనా వేస్తారు. మాంట్రియల్‌లో హన్స్ సెల్యే 1936లో ఎలుకల్లో గమనించిన మార్పుల్లో అడ్రినల్ ఉబ్బడం, రోగనిరోధక కణాలు ఎదిగే థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం ముఖ్యమైనవి. కోడిలో థైమస్‌తో పాటు ఫాబ్రిషియస్ బర్సా అనే మరో అవయవం కూడా చిక్కిపోతుంది. మలద్వారం పైన ఉండే ఈ చిన్న సంచిలోనే కోడికి యాంటీబాడీలు చేసే బి కణాలు పరిపక్వం చెందుతాయి. గంబోరో వైరస్ దాడి చేసేది కూడా దీని మీదే. ఎండలో కాగిపోతున్న రోజుల్లో, లేదా షెడ్డు మార్చిన మర్నాడే కొక్కెర వ్యాధి టీకా వేస్తే, టీకాను అర్థం చేసుకుని రక్షణ కట్టాల్సిన కణాలు అప్పటికే తగ్గి ఉంటాయి. సీసా మంచిదే, మోతాదు సరైనదే, అయినా టీకా ‘పట్టదు’. టీకా వేళను చల్లని పూటకు మార్చడం పైసా ఖర్చు లేని పని. ఇంత చవకైన జాగ్రత్త ఇంకా చాలాచోట్ల పాటించకపోవడం బాధ కలిగిస్తుంది.

రక్తకణాల ద్వారానే ఒత్తిడిని అంచనా కట్టే పద్ధతి కూడా ఉంది. కార్టికోస్టిరోన్ పెరిగాక కొన్ని గంటల్లో రక్తంలో హెటిరోఫిల్ కణాలు పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. హెటిరోఫిల్ అంటే మన న్యూట్రోఫిల్‌కు కోడిలో సాటి వచ్చే తెల్లకణం. ఈ రెండింటి నిష్పత్తి 0.2 దగ్గర ఉంటే ఒత్తిడి తక్కువ, 0.5 ఉంటే మధ్యస్థం, 0.8 ఉంటే ఎక్కువ అని గ్రాస్, సీగెల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఒక గాజు పలక, కాస్త రంగు, మైక్రోస్కోపు ఉంటే చాలు. పట్టుకున్న నిమిషాల తొందర కూడా దీనికి లేదు, ఎందుకంటే నిష్పత్తి అంత త్వరగా మారదు. కానీ దీనికీ హద్దుంది. ప్రాణం మీదికి వచ్చినంత తీవ్రమైన ఒత్తిడిలో హెటిరోఫిల్స్ కూడా పడిపోతాయి, నిష్పత్తి చూసి కోడి బాగుందని పొరబడే ప్రమాదం ఉంది.

కార్టికోస్టిరోన్ అంకెను ఒంటరిగా చదవడం ఇంకా పెద్ద పొరపాటు. గుడ్డు పెట్టే సమయం దగ్గరపడినప్పుడు పెట్టలో ఈ హార్మోన్ దానంతట అదే పెరుగుతుంది. బ్యూవింగ్, వాండర్ అనే పరిశోధకులు దశాబ్దాల కిందటే ఈ సంగతి చూపించారు. ఉదయం గుడ్డు పెట్టబోయే కోడి రక్తాన్ని తీసి, మధ్యాహ్నం తీసిన మరో కోడి రక్తంతో పోల్చి ఒక షెడ్డు మంచిదని, మరొకటి చెడ్డదని తేల్చేస్తే అది న్యాయం కాదు. బ్రాయిలర్ పేరెంట్ కోళ్ల, అంటే బ్రాయిలర్ పిల్లల కోసం గుడ్లు పెట్టే తల్లి కోళ్ల సంగతి మరీ చిక్కు. వాటికి కడుపు నిండా మేత పెడితే విపరీతంగా లావెక్కి గుడ్లు సరిగా పెట్టవు, అందుకని ఎదిగే వయసులో మేతను బాగా కుదిస్తారు. ఆ కోళ్లలో కార్టికోస్టిరోన్ ఎక్కువే. అది ఆకలి బాధా, లేక తక్కువ మేతతో చక్కెర స్థాయి నిలబెట్టుకోవడానికి ఒంట్లో జరిగే సర్దుబాటా? ఈ హార్మోన్ అసలు పని చక్కెర సరఫరా కాబట్టి అంకె ఒక్కటే చూసి ఆ రెండింటినీ విడదీయలేం. నీళ్ల తొట్టి దగ్గర కోడి ఎంతసేపు తచ్చాడుతోంది, ఖాళీ తొట్టిని ఎంత పొడుస్తోంది అన్నది కూడా చూడాలి. అది చూసినవాళ్లకు వాటి ఆకలి మీద సందేహం మిగలదు.

గుడ్డులోని హార్మోన్‌తో తల్లి ఒత్తిడిని కొలవవచ్చన్న ఆశ కూడా ఒకప్పుడు బలంగా ఉండేది. రక్తం తీయక్కర్లేదు, కోడిని ముట్టుకోక్కర్లేదు, గుడ్డు పగలగొడితే చాలు. కానీ పచ్చసొనలో ప్రొజెస్టిరోన్ కుప్పలుగా ఉంటుంది. కార్టికోస్టిరోన్‌ను గుర్తించే పరీక్షా ద్రవాల్లో కొన్ని ఆ ప్రొజెస్టిరోన్‌నూ, దాని బంధువులనూ కూడా పొరపాటున పట్టుకుంటాయి. వియన్నా పరిశోధకులు పచ్చసొనలోని పదార్థాలను ముందు విడివిడిగా వేరుచేసి కొలిచి చూస్తే అసలైన కార్టికోస్టిరోన్ అత్యల్పంగా తేలింది. అంతకుముందు అచ్చయిన చాలా అంకెల మీద దీంతో నీడ పడింది.

పట్టుకునే తీరు దగ్గరికి వద్దాం. బ్యాచ్ ఎత్తేటప్పుడు కూలీలు ఒక్కో చేతికి మూడు నాలుగు కోళ్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోయడం మామూలు. 1996లో కన్నన్, మెంచ్ బ్రాయిలర్ల మీద చేసిన పనిలో, నిటారుగా పట్టుకున్నవాటి కంటే తలకిందులుగా పట్టుకున్న కోళ్లలో కార్టికోస్టిరోన్ ఎక్కువగా ఉంది. కోడికి మనలా ఊపిరితిత్తులను, పొట్టను వేరుచేసే కండరపు తెర లేదు. తలకిందులైతే పేగుల బరువు గాలి సంచుల మీద పడుతుంది. అలా వేలాడుతున్న కోడి కదలకుండా ఉంటే ‘సాధువుగా ఉంది’ అనుకుంటారు. ఆ నిశ్చలత్వం తరచుగా భయానిదే. కోడిని వెల్లకిలా పడుకోబెట్టి కొన్ని క్షణాలు అదిమి వదిలితే అది నిమిషాల తరబడి బొమ్మలా పడి ఉంటుంది. 1646లోనే జర్మన్ పండితుడు అథనేసియస్ కిర్చర్ దీన్ని వర్ణించాడు. నక్క నోట్లో చిక్కినప్పుడు చచ్చినట్టు పడి ఉండటం పక్షికి ఆఖరి ఉపాయం. ఇప్పుడు పరిశోధకులు ఆ పడి ఉన్న సమయాన్ని భయానికి కొలతగా వాడుతున్నారు. ఎక్కువసేపు పడి ఉన్న కోడికి ఎక్కువ భయం.

భయం, కార్టికోస్టిరోన్ స్పందన వారసత్వంగా కూడా వస్తాయి. అమెరికాలోని లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో డేనియల్ సాటర్లీ జపాన్ కౌజు పిట్టలను కొద్దిసేపు కదలకుండా పట్టి ఉంచి, కార్టికోస్టిరోన్ తక్కువ పెరిగినవాటిని ఒక వంశంగా, ఎక్కువ పెరిగినవాటిని మరో వంశంగా తరాల పాటు పెంచాడు. తక్కువ స్పందన ఉన్న వంశం పిట్టలకు భయం తగ్గింది, ఈడుకు త్వరగా వచ్చాయి. స్వీడన్‌లోని లింషాపింగ్‌లో పెర్ యెన్సెన్ బృందం ఎర్ర అడవికోడిని, గుడ్ల కోసం పెంచే వైట్ లెగ్‌హార్న్ కోడిని పక్కపక్కన పెట్టి చూసింది. ఎర్ర అడవికోడి మన పెంపుడు కోళ్లకు మూలపురుషుడు. గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమల అడవుల్లో ఈ జాతి ఇప్పటికీ ఉంది. ఒకే రకమైన ఒత్తిడికి అడవికోడిలో కార్టికోస్టిరోన్ ఎగబాకినంతగా లెగ్‌హార్న్‌లో ఎగబాకలేదు. అడ్రినల్ గ్రంథిలో ఈ హార్మోన్ తయారీకి సంబంధించిన కొన్ని జన్యువుల పనితీరులోనే తేడా కనబడింది. వేల ఏళ్లు మనిషి పక్కన బతికిన కోడికి మనిషి చెయ్యి అంత పెద్ద ఆపద కాకుండా పోయిందని అనుకోవచ్చు.

అలాగని హార్మోన్ స్పందనను ఇంకా ఇంకా తగ్గించడమే మంచి బ్రీడింగ్ దారి అనుకోవడం తొందరపాటవుతుంది. ఆ స్పందన మొద్దుబారితే ఎండకూ ఆకలికీ జబ్బుకూ తట్టుకునే శక్తి కూడా మొద్దుబారవచ్చు. దానికి బదులు ఒంటి మీద భారాన్నే తగ్గించే దారి కూడా ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో మెడ మీద ఈకలు లేని కోళ్లను పెంచుతున్నారు. ఆ లక్షణానికి ఒక్క జన్యువే కారణం. ఒక తల్లిదండ్రి నుంచి ఆ జన్యువు వస్తే ఈకలు దాదాపు 20 శాతం, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు 40 శాతం తగ్గుతాయి. బోసి మెడ నుంచి, పలచబడిన ఈకల నుంచి వేడి బయటికి పోతుంది. ఎండలో ఈ కోళ్లు మామూలు ఈకలున్న కోళ్ల కంటే మెరుగ్గా తింటాయి, మెరుగ్గా ఎదుగుతాయి. హైపోథాలమస్‌లో, పిట్యూటరీలో, అడ్రినల్‌లో ఏదీ మార్చలేదు. అక్కడికి వెళ్లే వేడి కబురే తగ్గింది.